రెండవ పిల్లి

ఒక పిల్లి యున్న యింటికి మరియొక పిల్లిని తెచ్చునపుడు పెద్దలు రెండు విధములుగా మాటలాడుట వినుచుందుము. కొందరు “ఒక ఒరలో రెండు కత్తులు ఇముడునా?” అని కొత్తదానిని గుమ్మము త్రొక్కనీయరు. మరికొందరు “రెంటిని ఒకచోట వదలుడు, నాలుగు దినములు పోట్లాడుకొని అవియే సర్దుకొనును” అందురు. ఈ రెండవ మాటయే ఎక్కువ కీడు చేయుచున్నదని నా తలంపు.

కుక్కకు పూర్వులు గుంపులుగా వేటాడిన తోడేళ్లు. పిల్లి వంశము వేరు. నేటి పెంపుడు పిల్లులు పశ్చిమాసియాలోని అడవిపిల్లి సంతతివని 2007వ సంవత్సరమున ప్రకటింపబడిన జన్యుపరిశోధన తెలిపినది. ఆ అడవిపిల్లి ఒంటరిగా వేటాడును. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి మనుష్యుని సమాధి చెంతనే పాతిపెట్టబడిన పిల్లి యస్థిపంజరము బయల్పడినట్లు 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇన్ని వేల యేండ్లు మనుష్యుని చేరువ నున్నను, పిల్లి తన యెలుకను తానే పట్టుకొనును గాని తోడు పిలువదు. ఒక చుంచెలుక ఒక పిల్లి ఆకలికే చాలదు. పంచుటకు మిగులున దేమి? తన తావును తాను కాచుకొనుట దానికి బ్రతుకుతెరువు. దానిని అసూయ యని నిందించుట మనుష్యుల గుణమును పిల్లికి అంటగట్టుటయే.

ఆ తావునకు హద్దులు వాసనలతో ఏర్పడును. పిల్లి తన చెంపను ద్వారబంధమునకు, కుర్చీకాలికి, మన పిక్కకు రాయుట మీరు చూచియుందురు. అది గారాబ మని మురిసిపోవుదుము, కొంతవరకు నిజమే. కాని చెంపలలోని గ్రంథులనుండి వెలువడు పదార్థమును అంటించి, ఈ చోటు నా యెఱిగినది, ఇచట భయము లేదు అని అది వ్రాసికొనుచున్నది. మన కా వ్రాత చదువరాదు. రెండవ పిల్లికి మాత్రము చక్కగా తెలియును. వాసనలను పరీక్షించుటకు పిల్లి నోటి పైకప్పులో ప్రత్యేకమైన అవయవమే కలదు. పై పెదవి కొంచెము ఎత్తి, నోరు తెరచి, అది కొయ్యబారినట్లు నిలుచున్నపుడు ఆ పరీక్షయే జరుగుచుండును. ఇట్టి యింటి నడుమ, ఒకనాటి ఉదయమున, బుట్టలో తెచ్చిన పిల్లిని విడిచిపెట్టినచో పాతదానికి దిక్కు తోచకపోవుట వింతయా?

తరువాతి కథ తరచుగా ఒకే విధమున నడచును. తరుమబడిన పిల్లి అటక యెక్కి దిగిరాదు. అన్నము ముట్టదు. బలిసిన పిల్లి కొన్ని దినములు పస్తున్నచో దాని కాలేయమే చెడి ప్రాణాపాయము కలుగవచ్చును. లేదా ఇంటిలో అక్కడక్కడ మూత్రము విడుచును. అపుడు ఇంటివారికి కోపము వచ్చును. దానిని గోనెసంచిలో మూటగట్టి కాలువ ఆవలి సంతలో విడిచివత్తురు. ఏండ్ల తరబడి మన మెతుకులు తిని, మన ఎలుకలను పట్టినదానికి ఈ శిక్ష ఏ నేరమునకు? తెచ్చినది మనము. తొందరపడినది మనము.

“పిల్లికి ఇంత రాజమర్యాదయా?” అని కొందరు నవ్వుదురు. నవ్వనిండు. దీనికి కావలసిన సామగ్రి ఒక తలుపు, రెండు పాతగుడ్డలు, కొంత ఓర్పు. కొత్తదానిని మొదట పశువైద్యునికి చూపి టీకాలు వేయింపవలెను. ఇందులో లోభము పనికిరాదు. పిదప దానిని వేరు గదిలో నుంచి, ఒకటి పరుండిన గుడ్డను రెండవదాని యొద్ద వేయవలెను. ముఖము చూడకమునుపే వాసన పరిచయము కావలెను. మూసిన తలుపునకు ఈవల నొకటి, ఆవల నొకటి తినునట్లు పళ్లెములను దూరముగా పెట్టి, దినదినము కొంచెము దగ్గరకు జరుపవలెను. ఆ వాసన వచ్చినపుడెల్ల కడుపు నిండుచున్నచో దానియెడ బెదురు తగ్గును. అటుపిమ్మట తలుపు ఓరగా తెరచి, కొలదిసేపు చూచుకొననిచ్చి, మరల మూయవలెను. ఇది కొన్ని దినములలో ముగియవచ్చును. కొన్ని నెలలును పట్టవచ్చును. బుస కొట్టినందుకు కొట్టరాదు. “దగ్గరకు రాకు” అని మర్యాదగా చెప్పుటకు పిల్లికి వేరు భాష లేదు. నిజముగా కలియబడినచో నడుమ చేయి పెట్టక అట్టముక్క నొకదానిని అడ్డము పెట్టుడు.

స్నేహము కుదురుటకై రెంటికి ఒకే గిన్నెలో పాలు పోయువారు కలరు. పెరిగిన పిల్లులు పెక్కింటికి పాలు జీర్ణము కావు. ఒకే గిన్నె కలహమునకు పిలుపు. గిన్నెలు వేరుగా, వేరు చోటుల నుండవలెను. ఇసుక తొట్లు పిల్లుల లెక్కకంటె ఒకటి ఎక్కువ యుండుట మేలు.

బాలబాలికలారా! వీథిలో అరచుచున్న కూనను చొక్కాలో దాచి తెచ్చువారు మీలో ఉందురు. కూనను పెద్దపిల్లి కొంత సులభముగా ఓర్చును. అయినను ముసలిపిల్లి తోకతో నాటలాడు కూన దానికి ఎంత బాధయో గమనించి, అది ఎక్కి కూర్చుండుటకు ఒక ఎత్తైన బల్లనైన విడిచిపెట్టుడు.

కొన్ని పిల్లులు ఎన్నటికి నేస్తములు కావు. వసారాలో ఎండ పడుచోట, ఆ చివర నొకటి, ఈ చివర నొకటి, వీపులు త్రిప్పుకొని నిదురించుచున్నచో వానిని అట్లే యుండనిండు. ఎత్తి తెచ్చి ఒక చాపపై పరుండబెట్టబోకుడు.