నీరు కలిపితే మోతాదు తగ్గునా?

ఆసవారిష్టములలో స్వయంజనిత మద్యాంశము సాధారణముగా 5 నుండి 10 శాతము వరకు ఉండును. వాటిని సమభాగము నీటితో సేవించుట ఆచారము. అయితే పసివారికి మరికొంత నీరు పోసినచో మందు తగ్గునని పలువురు గృహిణులు తలచుట సరికాదు.

లెక్క చూడండి. 8 శాతము గల అరిష్టము 15 మి.లీ.లో మద్యాంశము 1.2 మి.లీ. దానిని 4 శాతమునకు తేవలెనన్న, 8ని 15తో గుణించి 4తో భాగించవలెను. మొత్తము 30 మి.లీ.; కలపవలసిన నీరు 15 మి.లీ. 2 శాతమునకైతే మొత్తము 60, నీరు 45. గ్లాసెడూ త్రాగినచో కడుపులో చేరునది అదే 1.2 మి.లీ.!

నీటివలన తీక్ష్ణత తగ్గును, మోతాదు తగ్గదు. పిల్లలకు, గర్భిణులకు, కాలేయ వ్యాధిగ్రస్తులకు అసలు ఈయవచ్చునా, ఈయదగినచో ఎన్ని మి.లీ. అన్నది వైద్యునే అడుగుడు.