ఏడాది ‘అబ్రాడ్’... సివిల్ విద్యార్థికి ఎంత లాభం?

ఇంటర్ పూర్తి చేసిన ఓ తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. ‘అన్నా, యూకేలో సివిల్‌కి అప్లై చేద్దామనుకుంటున్నా. ఒకే కోర్సు లిస్టులో రెండుసార్లు కనిపిస్తోంది. ఒకదాని పక్కన ‘విత్ ఎ ఇయర్ అబ్రాడ్’ అని ఉంది. నేను వెళ్లేదే అబ్రాడ్ కదా, మళ్లీ ఇదేంటి?’ అన్నాడు.

నవ్వొచ్చినా ప్రశ్న మాత్రం మంచిది. బ్రిటన్ యూనివర్సిటీలో చేరి, మధ్యలో ఒక ఏడాది జర్మనీ, అమెరికా, ఆస్ట్రేలియా లాంటి మరో దేశంలోని భాగస్వామ్య యూనివర్సిటీలో చదివి రావడమే ఈ కోర్సు. ఇది ఎవరికి ఉపయోగం, ఎవరికి భారం అన్నది ఇప్పుడు తేల్చుకోవడం అవసరం. ఎందుకంటే 2027లో రెండు మార్పులు రాబోతున్నాయి. ఒకటి తలుపు తెరిచేది, రెండోది కాస్త మూసేది.

తెరుచుకునే తలుపు

యూరప్ దేశాల విద్యార్థి మార్పిడి పథకం ఎరాస్మస్ 1987లో మొదలైంది. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ దాని నుంచి బయటికొచ్చి, 2021లో సొంతంగా ట్యూరింగ్ స్కీమ్ పెట్టుకుంది. మళ్లీ 2027లో ఎరాస్మస్ ప్లస్‌లో చేరుతున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఈ పథకం రెండు వైపులా నడుస్తుంది. వెళ్లేవాళ్లూ ఉంటారు, వచ్చేవాళ్లూ ఉంటారు. అందుకే యూరప్ యూనివర్సిటీలతో ఒప్పందాలు పెరిగే అవకాశం ఉంది.

మూసుకునే తలుపు

చదువయ్యాక బ్రిటన్‌లో ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటివరకు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు అది 18 నెలలే. ఆ తర్వాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. దానికి సాధారణ జీతం పరిమితి 2025 జులై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా కెరియర్ మొదలుపెట్టేవారికి సడలింపు ఉన్నా కనీసం 33,400 పౌండ్లు చూపించాలి. మీరు మూడో దేశంలో ఉన్న ఏడాదిలో బ్రిటన్ కంపెనీలతో పరిచయాలు, సమ్మర్ ఇంటర్న్‌షిప్ వెనకబడితే, తిరిగొచ్చాక ఆ 18 నెలలు ఇట్టే కరిగిపోతాయి.

డిగ్రీ పేరు కాదు, గుర్తింపు చూడండి

బ్రిటన్‌లో బీఇంజ్ సాధారణంగా మూడేళ్లు, ఎంఇంజ్ నాలుగేళ్లు. చార్టర్డ్ ఇంజినీర్ కావాలంటే గుర్తింపు ఉన్న ఎంఇంజ్‌తో చదువు అర్హత పూర్తవుతుంది. బీఇంజ్ మాత్రమే ఉంటే తర్వాత అదనపు చదువు కావాలి. సివిల్ కోర్సులకు ఈ గుర్తింపు చూసేది జాయింట్ బోర్డ్ ఆఫ్ మోడరేటర్స్. ‘ఇయర్ అబ్రాడ్’ ఉన్న కోర్సుకు కూడా ఆ గుర్తింపు ఉందో లేదో విడిగా చూసుకోండి.

ఇంకో తేడా ఉంది. కొన్ని చోట్ల విదేశీ ఏడాది నాలుగేళ్లలోనే కలిసిపోతుంది. కొన్ని చోట్ల అదనంగా ఒక ఏడాది పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో స్థానిక విద్యార్థులకు ఆ ఏడాది ఫీజు గరిష్ఠ ఫీజులో 15 శాతం మించకూడదని నిబంధన ఉంది. మనలాంటి అంతర్జాతీయ విద్యార్థులకు ఆ రక్షణ లేదు. ఎంత తీసుకోవాలో యూనివర్సిటీయే నిర్ణయిస్తుంది. కాబట్టి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పైగా మన పాస్‌పోర్టుకు ఆ మూడో దేశం వీసా, అక్కడి ఖర్చు మళ్లీ వేరే.

దేశం మారితే కోడ్ మారుతుంది

సివిల్‌లో ఇది అసలు విషయం. ప్రోగ్రామింగ్ ఏ దేశంలో నేర్చుకున్నా ఒకటే. బీమ్ డిజైన్ అలా కాదు. బ్రిటన్, యూరప్ దేశాల్లో యూరోకోడ్‌లు, అమెరికాలో కాంక్రీటుకు ఏసీఐ 318, మన దగ్గర ఐఎస్ 456. మెకానిక్స్ సూత్రాలు ఎక్కడైనా ఒకటే అయినా సేఫ్టీ ఫ్యాక్టర్లు, లెక్కకట్టే పద్ధతి మారతాయి. అమెరికాలో అయితే అడుగులు, పౌండ్ల లెక్కకూ అలవాటు పడాలి.

బ్రిటన్‌లో భూకంపాల తీవ్రత తక్కువ కాబట్టి మామూలు భవనాలకు సీస్మిక్ డిజైన్ చేయరు. మన దగ్గర ఐఎస్ 1893 లేకుండా పని జరగదు. ఇండియాకు తిరిగొచ్చే ఆలోచన ఉంటే ఇటలీ, జపాన్, కాలిఫోర్నియా లాంటి చోట ఆ సబ్జెక్టు చదివొస్తే ఏడాదికి అర్థం ఉంటుంది. యూరప్‌లోనే స్థిరపడాలనుకుంటే జర్మనీ, నెదర్లాండ్స్‌లో యూరోకోడ్ అనుభవం, అక్కడి భాష రెండూ కలిసొస్తాయి. ఫొటోలు చూసి సిటీని ఎంచుకోవద్దు, సిలబస్ చూసి ఎంచుకోండి.

క్రెడిట్ల దగ్గరే చిక్కు

బీటెక్‌లో నా ఫ్రెండ్ ఒకడు ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కి వెళ్లొచ్చాడు. వచ్చాక ‘సిలబస్ మ్యాచ్ కాలేదు’ అన్నారు. రెండు పేపర్లు జూనియర్లతో కూర్చుని రాశాడు. తప్పు ఎవరిదైనా నష్టపోయింది వాడే. అందుకే వెళ్లే ముందే లెర్నింగ్ అగ్రిమెంట్‌పై రెండు వైపులా సంతకాలు కావాలి. బ్రిటన్‌లో ఏడాదికి 120 క్రెడిట్లంటే యూరప్ లెక్కలో 60. మార్కులూ తిరకాసే. జర్మనీలో 1.0 అంటే టాప్, ఫ్రాన్స్‌లో మార్కులు 20కి వేస్తారు. ఆ మార్కులు ఫైనల్ డిగ్రీలో కలుస్తాయా, పాసైతే చాలా అన్నది ముందే అడగండి.

తిరిగొస్తే?

డిగ్రీల పరస్పర గుర్తింపుపై భారత్, బ్రిటన్ 2022లో ఒప్పందం చేసుకున్నాయి. కానీ ఇంజినీరింగ్ లాంటి వృత్తి కోర్సులు అందులో లేవు. ప్రభుత్వ ఏఈ, ఏఈఈ ఉద్యోగాలు మీ టార్గెట్ అయితే నోటిఫికేషన్‌లోని అర్హత వాక్యం, సమాన అర్హత సర్టిఫికెట్ సంగతి ముందే చూసుకోవాలి.

ఇక్కడే ఉండి కూడా దారి ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ట్విన్నింగ్ కోర్సులో 30 శాతం వరకు క్రెడిట్లు విదేశీ యూనివర్సిటీలో చదవొచ్చు, డిగ్రీ మాత్రం మన యూనివర్సిటీదే. మీ కాలేజీ ప్రోగ్రామ్‌కు ఎన్‌బీఏ టైర్-1 గుర్తింపు ఉంటే అది వాషింగ్టన్ అకార్డ్ కిందికి వస్తుంది. భారత్ 2014 నుంచి అందులో పూర్తి సభ్యదేశం.

ఆ తమ్ముడికి చివరికి ఇదే చెప్పా. ‘నాలుగేళ్ల తర్వాత ఏ దేశంలో సైట్ మీద నిలబడాలనుకుంటున్నావో ముందు తేల్చుకో. ఆ దేశం కోడ్ నేర్పే ఏడాది అయితే అప్పు చేసినా పర్లేదు. రెజ్యూమెలో ఒక లైన్ కోసమే అయితే, ఆ డబ్బు ఇంట్లోనే ఉండనీ’. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘సిలబస్ పంపిస్తా, ఒకసారి చూడన్నా’ అన్నాడు. సరైన చోట మొదలుపెట్టాడు. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.