మన పేర నొరుల ఋణము



గృహమునకు వచ్చు కీడులలో చప్పుడు చేసి వచ్చునవి కొన్ని, చప్పుడు లేక వచ్చునవి కొన్ని. దొంగ కన్నము వేసినచో తెల్లవారుసరికి గోడయే చెప్పును. మన పేరును దొంగిలించి యప్పు తీసినవాని జాడ మాత్రము మనము బ్యాంకు గుమ్మము త్రొక్కువఱకును తెలియదు. ఈ నెల మేము వ్రాయదలచినది యీ రెండవ కీడును గూర్చియే.

మన దేశమున నెవరెంత యప్పు తీసికొనిరో, వాయిదాలు సరిగా చెల్లించిరో లేదో వ్రాసియుంచు సంస్థలు నాలుగు కలవు. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనునవి. ఆ చిట్టాకే క్రెడిట్ రిపోర్టని పేరు. సిబిల్ వారు దానినిబట్టి 300 మొదలు 900 వఱకు నొక యంకె వేయుదురు. పిల్లల చదువునకో, యింటికో అప్పు కోరినపుడు బ్యాంకువారు మొదట చూచునది దీనినే. “మాకేమి యప్పులు, మాకేల యీ చిట్టా?” అని కొందఱనవచ్చును. బ్యాంకులో బంగారము కుదువబెట్టినవారికిని, సంఘముద్వారా అప్పు తీసికొన్నవారికిని, వాయిదాలపై మిక్సీ కొన్నవారికిని ఈ చిట్టా యుండవచ్చును.

మేమెఱిగిన యొక యిల్లాలు కుమార్తె చదువునకై బ్యాంకునకు పోగా, ఆమె పేర రెండప్పులు మొండిపడియున్నవని చెప్పి త్రిప్పిపంపిరి. ఆ సంస్థల పేరైన ఆమె యెన్నడును వినలేదు. అంతకు మునుపొకడు సంఘపు పనియని చెప్పి ఆమె ఆధార్, పాన్ నకళ్లు తీసికొని, వ్రేలిముద్ర వేయించుకొని పోయియుండెను. అప్పుకంటె ఆమెను కుందించినది యింటివారి చూపు. “మాకు చెప్పక తీసి పుట్టింటికిచ్చితివేమో” యని అత్తగారనిరట. ఇంటి పెద్దలకు మా మనవి యేమనగా, మొదట కాగితము చూడుడు. మనిషిని అనుట పిమ్మట చూచుకొనవచ్చును.

భారతమందలి నలోపాఖ్యానము మనమెఱిగినదే గదా. స్వయంవరమున దమయంతి యెదుట నలుని రూపముతో నైదుగురు నిలిచిరి. ఆమె తొందరపడి యెవరినో వరింపలేదు. చెమటపట్టని మేను, ఱెప్పవాల్పని కన్నులు, వాడని పూదండ, నేలమోపని పాదములు అను గుర్తులనుబట్టి దేవతలను వేఱుపఱచి నలుని గుర్తించెను. చిట్టా చదువునపుడు మనకును అట్టి నిదానమే కావలెను.

ఆ నాలుగు సంస్థలలో నొక్కొక్కటియు ఏడాదికొకసారి పూర్తి చిట్టాను రుసుము లేకయే యీయవలెనని రిజర్వు బ్యాంకువారి యాజ్ఞ. దానిని తెప్పించుకొని మూడు చోట్ల చూడవలెను. మనవి కాని ఫోను నంబరు గాని, మనమెన్నడు నుండని యూరి చిరునామా గాని యున్నదా? మనమెఱుగని అప్పు ఖాతా యున్నదా? మనమడుగని యప్పునకై యెవరైన మన చిట్టాను తెఱచి చూచిరా? మొత్తము చిన్నదని విడువరాదు. 2022 ఫిబ్రవరిలో నొక ప్రసిద్ధ చలనచిత్రనటి, తన పాన్‌పై నెవరో 2,000 రూపాయల యప్పు తీసిరని బహిరంగముగా మొఱపెట్టినది.

ఐనను క్రొత్త పేరు కనబడినంతనే మోసమనరాదు. దుకాణములో వాయిదాలపై కొన్న వస్తువునకు అప్పిచ్చినవాడు వేఱొక సంస్థ కావచ్చును. మనము హామీపడిన యప్పును, భర్తతో కలిసి చేసిన యప్పును మన చిట్టాలో నుండును. ఇవి కావని తేల్చుకొనిన పిమ్మటనే పోరు మొదలిడవలెను.

మొదట అప్పిచ్చిన సంస్థకు వ్రాతమూలకముగా, “ఈ యప్పు నేను కోరలేదు, దరఖాస్తు నకలును, దానితో నిచ్చిన కాగితములను, సొమ్ము జమచేసిన ఖాతా వివరమును తెలుపుడు” అని యడుగవలెను. సొమ్ము మన ఖాతాలో పడలేదని తేలినచో సగము పని యైనట్లే. అదే దినమున చిట్టా సంస్థలోను అభ్యంతరము దాఖలు చేయవలెను. అప్పిచ్చినవారు ఒప్పుకొనక చిట్టావారు తమంత తాము దిద్దరు; కావున రెండు చోట్లను వ్రాయుట యవసరము. పోలీసువారికి ఫిర్యాదు చేసి దాని నకలును జతపఱుపవలెను. సైబరు నేరములకు 1930 నంబరు కలదు.

2005 నాటి చట్టము ప్రకారము 30 దినములలో తప్పు దిద్దవలెను. గడువు దాటినచో దినమునకు 100 రూపాయలు చొప్పున పరిహారమీయవలెనను నియమము 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోనికి వచ్చినది. అప్పటికిని వినకున్నచో రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును; దానికి రుసుము లేదు, వకీలు నక్కఱలేదు. చిట్టా బాగుచేయుదుమని సొమ్మడుగువారిని గుమ్మము త్రొక్కనీయకుడు.

“పరువు పోవునేల, కొంత కట్టి వదిలించుకొందము” అను తలంపు రానీయరాదు. కట్టినచో ఆ యప్పు మనదేయని యొప్పుకొన్నట్లు వారు వాదింతురు.

ఇక నొక కష్టమైన మాట. మన కాగితములు వాడుకొన్నవాడు తమ్ముడో మఱిదియో యైనచో? మనము తెలిసి సంతకము పెట్టితిమేని, తెలిసి ఓటీపీ చెప్పితిమేని, ఎఱుగనని వ్రాయుట యసత్యము. అప్పుడు వానిచేతనే కట్టింపవలెను. మన కెఱుకలేక జరిగినచో దాచుటవలన బంధుత్వము నిలువదు, ఋణము మాత్రము పెరుగును. పెద్దలను కూర్చుండబెట్టి యొక గడువు విధించి, అప్పటికిని తీర్పకున్నచో ఫిర్యాదు చేయుటయే న్యాయమని మా తలంపు.

కాగితముల నకలీయవలసివచ్చినపుడు దానిపై అడ్డముగా, ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన నిచ్చితిమో వ్రాసి సంతకము చేయుడు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధార్ నకలుతో సరిపోవుచోట దానినే యిండు. వ్రేలిముద్ర అడిగినవానిని ఎందులకని యడుగుటకు సిగ్గుపడకుడు.

ఉప్పు పప్పుల చిట్టా వ్రాసికొను చేతికి ఈ చిట్టా చదువుట కష్టము కాదు. ఈ నెలలోనే యొకసారి తెప్పించి చూచుకొనుడు. మీ కోడలికిని, కూతురికిని చూపుడు.