జాబితాలో లేని సామాను

విదేశంలో సైకిలు యాత్రకు ఎలా సిద్ధం కావాలి అని ఎవరినడిగినా ఇంచుమించు ఒకే జాబితా చెబుతారు. రెండు విడి ట్యూబులు, పంక్చరు సామాను, గాలిపంపు, రెంచీలు. బయలుదేరడానికి కొన్ని వారాల ముందు నుంచే సంచులు కట్టుకుని తొక్కడం అలవాటు చేసుకోవాలి. విమానంలో వేసేటప్పుడు పెడళ్ళు ఊడదీసి, హ్యాండిల్ పక్కకు తిప్పి అట్టపెట్టెలో సర్దాలి. ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ ఈ జాబితాలో ఒక ప్రశ్న ఎక్కడా కనిపించదు. నువ్వు వెళితే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

మగవాడు ఈ ప్రశ్న వేసుకోనక్కర్లేదు. మనకు మాత్రం అదే మొదటి ప్రశ్న.

డెర్వ్లా మర్ఫీ 1931లో ఐర్లండులోని లిస్మోర్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పదో పుట్టినరోజుకి ఆమెకు ఒక పాత సైకిలూ, ఒక అట్లాసూ బహుమతిగా వచ్చాయి. సైకిలు తొక్కుకుంటూ ఇండియా దాకా వెళ్ళాలని అప్పుడే నిశ్చయించుకుంది. కానీ పధ్నాలుగో ఏట బడి మానేయాల్సి వచ్చింది. కీళ్ళవాతంతో కదలలేని తల్లిని చూసుకోవాలి. మధ్యలో కొన్ని వారాలు యూరపులో తిరిగి వచ్చినా, ఇండియా ప్రయాణానికి మాత్రం తల్లిదండ్రులిద్దరూ పోయాకే వీలు చిక్కింది. 1963 జనవరిలో బయలుదేరింది.

ఆమె సన్నాహాల గురించి అందరూ చెప్పుకుంటారు. ఆసియా రోడ్లకు తట్టుకోదని గేరు తీసేసింది. విడి టైర్లు దారిలోని ఊళ్ళకు ముందుగానే పంపింది. పిస్తోలు పేల్చడం నేర్చుకుంది. వీటికి పట్టిన కాలం కొన్ని నెలలు. ఇల్లు వదలడానికి పట్టింది ఇరవై ఒక్క సంవత్సరాలు. ఆ రెండో లెక్క ఎవరూ వేయరు.

యుగోస్లావియా, టర్కీ, ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ దాటి ఆ ఏడు జూలైలో ఆమె ఢిల్లీ చేరింది. ఆ దారి తరవాత ఏమైందో చూడండి. 2016లో ఇరాన్ సర్వోన్నత నేత ఖమేనీ, స్త్రీలు బహిరంగంగా సైకిలు తొక్కకూడదని ఫత్వా ఇచ్చాడు. 2021 డిసెంబరులో తాలిబాన్లు, 72 కిలోమీటర్లు మించి ప్రయాణించే స్త్రీ వెంట దగ్గరి బంధువైన మగవాడు ఉండాలని ఆదేశించారు. పరాయి దేశపు స్త్రీ ఒంటరిగా దాటిన నేలమీద అక్కడి స్త్రీ తనంత తాను పక్క జిల్లాకు పోలేకపోయింది. కాబట్టి దారి ఎంచుకునేటప్పుడు ఎత్తుపల్లాలు ఒక్కటే చూస్తే చాలదు, అక్కడి స్త్రీలకు రోడ్డు మీద ఏ హక్కు ఉందో కూడా చూడాలి.

మన సంగతి మరీ అంత మెరుగా? పెళ్ళయిన స్త్రీ పాస్‌పోర్టుకు భర్త సంతకం అక్కర్లేదని మద్రాసు హైకోర్టు 2025లో చెప్పాల్సి వచ్చింది. అంతకుముందు అధికారులు ఆ సంతకం అడిగారు కాబట్టే ఆమె కోర్టుకెక్కింది. ఇక వీసాకు బ్యాంకు లెక్కలు అడుగుతారు. సంపాదన అంతా ఇంటాయన చేతిలో పోసే స్త్రీ ఏ లెక్క చూపించగలదు?

ఉద్యమంలో ఉన్నవాళ్ళు కొందరు, "ఆడపిల్లలు బడికి పోవడానికే దిక్కులేకపోతే విదేశాల్లో సైకిలు యాత్రలేమిటి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బడికి పోయే పిల్లనూ, దేశం దాటే స్త్రీనీ ఆపే చెయ్యి ఒకటే. తమిళనాడు పుదుక్కోట జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం వేలాది గ్రామీణ స్త్రీలకు సైకిలు నేర్పింది. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. నీళ్ళూ, సరుకులూ, పిల్లలూ అన్నీ ఆ సైకిళ్ళ మీదే. వాళ్ళకు దొరికింది వాహనం మాత్రమే కాదు, ఎవరినీ బతిమాలకుండా కదిలే వీలు. పొరుగూరి దాకా పోగలిగిన ఆ వీలుకు ఎక్కడ గీత గీస్తాం? ఎవరు గీస్తారు?

అందుకే మన జాబితా మనం రాసుకుందాం. ఒకటి, తన పేరున గుర్తింపు కాగితం. రెండు, తన పేరున డబ్బు, కొంచెమైనా సరే. మూడు, పంక్చరు తనంతట తాను వేసుకోవడం. నాలుగోది అన్నిటికన్నా కష్టం. ఇంటిపని అప్పగించడం. సాధారణంగా మనం చేసేదేమిటి? పచ్చళ్ళూ పొడులూ చేసి పెట్టి, అమ్మనో ఆడపడుచునో పిలిపించి, లేదా ఎనిమిదో తరగతి కూతురికి గరిటె అప్పజెప్పి బయలుదేరతాం. ఇంకో ఆడదాన్ని పొయ్యి దగ్గర నిలబెట్టి మనం కదిలితే దాన్ని స్వేచ్ఛ అనలేం. చాకిరీ చేతులు మారింది, అంతే. ఆ పని ఇంట్లోని మగవాళ్ళకు అప్పగించాలి. యాత్రకు ఆరు నెలల ముందే మూడు రోజులు ఇల్లు వదిలి చూడండి. ఫోనులో "ఉప్పు డబ్బా ఎక్కడ" అంటే జవాబు చెప్పకండి. సంచులు కట్టుకుని తొక్కడమెంత సాధనో, ఇదీ అంతే సాధన.

మొదటి యాత్రకు నేపాల్ మంచిది. మనకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. వానలు వెళ్ళాక, సునౌలి దగ్గర సరిహద్దు దాటితే లుంబిని దాకా చదును నేల, ఒక పూట ప్రయాణం. మహిళా సంఘాలు ఏడాదికి నలుగురైదుగురిని కలిపి పంపినా చాలు. ఖర్చుకు చందాలు వేసుకోవచ్చు. వెళ్ళిన వాళ్ళు తిరిగి వచ్చి ఏ కొండలు చూశారో చెబుతారు, విందాం. దాంతోపాటు వాళ్ళు లేని ఆ పది రోజులూ ఇంట్లో ఎవరు వండారో కూడా అడుగుదాం.