ఇసుక ధర, గాజు ధర

చిల్లకూరు మండలంలో దొరికే తెల్లని సిలికా ఇసుక గాజు పరిశ్రమకు ముడిసరకు. తీరాన లారీ కెత్తేనాడు దానికొక ధర. ఎక్కడో కొలిమిలో కరిగి గాజుపలక అయిననాడు వేరొక ధర. ఆ రెంటి నడుమనున్న అంతరం ఇసుక తవ్విన కూలివానిది కాదు. పాట విషయంలోనూ జరుగుతున్నది ఇదేనని అర్ధశతాబ్దిగా ఎలుగెత్తి చెబుతున్న కవులు అమెరికాలో వున్నారు. వారి గానపద్ధతికే హిప్‌హాప్ అని పేరు.

1973 ప్రాంతంలో న్యూయార్కు నగరపు బ్రాంక్సు పేటలో, నల్లజాతి యువకుల విందువినోదాలలో పుట్టిన యీ గానం క్రమంగా కోట్ల డాలర్ల వ్యాపారమైనది. బంగారు గొలుసులు, ఖరీదైన కార్లు ప్రదర్శించడమే హిప్‌హాప్ అని మనవారిలో చాలామంది అభిప్రాయం. అది సగం నిజం. ఆ గొలుసులను శంకించినవారూ ఆ గాయకులే. 2015లో కెండ్రిక్ లమార్ వెలువరించిన ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’లో మొదటి పాట హఠాత్తుగా ధనం చేతబడిన నల్లవాని కథ. కొనుక్కోమని ప్రోత్సహించే లోకమే, చివరకు పన్నుల పేర వానిని పట్టుకుంటుంది. పన్ను వ్యవహారంలో జైలుకు వెళ్లిన నటుడు వెస్లీ స్నైప్స్ పేరే ఆ పాటకు శీర్షిక. డబ్బు వచ్చినది గాని అధికారం రాలేదన్నది కవి ఆరోపణ. (ఆ ఆరోపణనూ పెద్ద కంపెనీయే అమ్ముకొన్నదనుకోండి!)

ఇది పరాయి గొడవ కాదు. డక్కలి కులానికి చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న వంటి వీరుల గాథలు పాడేవారు. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రగీతంలో ఆయన గొంతు వినిపించినది. 2022లో పద్మశ్రీ వచ్చినది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించినది. 2024 మే నెలలో ఆయన కూలిపని చేస్తున్న దృశ్యాలు పత్రికల కెక్కినవి. వెంటనే లోకం అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ కోటి ఏమైనది?

ఈ ప్రశ్న పేదవానికే ఎదురవుతుంది. చిత్రం తీసినవారిని వారి కోట్లు ఏమైనవని ఎవరూ నిలదీయరు. బహుమానం దాత దయ. దానికి లెక్క అడిగే చనువు అందరికీ వుంటుంది. హక్కుగా వచ్చే సొమ్ముకు ఆ సంజాయిషీ అక్కరలేదు. 2012లో సవరించిన కాపీరైటు చట్టం గీతరచయితకు, స్వరకర్తకు, గాయకునికి కూడ రాయల్టీ హక్కు కల్పించినది. మేలే. కాని తరతరాలుగా ఒక కులం నోట నిలిచిన బాణీకి ఆ చట్టం దృష్టిలో కర్త లేడు. డక్కలివారు కాపాడుకొన్న కిన్నెరబాణీని రేపు మరొకరు చిత్రంలో వాడుకొంటే, ప్రతిఫలం పాడినవానికి చెందాలా, కులమంతటికీ చెందాలా? జానపద కళలపై సమష్టి హక్కును గుర్తించే ప్రత్యేక శాసనం మన దేశంలో ఇంకా రాలేదు.