అయస్కాంత గోష్ఠులు - స్వదేశ పరిశ్రమలు

మన దేశమున విద్వద్గోష్ఠులకు కొదవలేదు. అయస్కాంత శాస్త్రమును గూర్చియు, దాని పారిశ్రామికోపయోగములను గూర్చియు సభలు జరుగుచునే యున్నవి. దీపము వెలిగింపబడును, శాలువలు కప్పబడును, వ్యాసములు చదువబడును. మూడవనాడు ప్రతినిధులు తమతమ యూళ్లకు వెడలిపోవుదురు. పిమ్మట నేమి జరిగినదని యడుగువారు అరుదు. ఆ ప్రశ్న నడుగుటయే నేటి మా యుద్దేశము.

సూదంటురాయి యనిన బాలుర యాటవస్తువని తలంచువారు నేటికిని కలరు. కాని విద్యుద్వాహనమును కదలించు మోటారు మొదలు క్షిపణివరకును శక్తిమంతమగు అయస్కాంతముతో పనిపడని యంత్రము తక్కువ. ఇట్టి వస్తువు పరులచేత నున్నచో నేమగునో 2025 ఏప్రిలులో మనకు తెలియవచ్చినది. సమేరియము, డిస్ప్రోసియము, టెర్బియము మొదలగు ఏడు రేర్ ఎర్తు లోహముల యెగుమతికిని, వానితో చేసిన అయస్కాంతముల యెగుమతికిని అనుమతిపత్రము కావలెనని చీనా ప్రభుత్వము శాసించెను. కొలదికాలములోనే మన మోటారు పరిశ్రమ కలవరపడెను. బండివెలలో అయస్కాంతము వెల స్వల్పము. అయినను అది లేనిదే బండి కదలదు. ఇల్లు మనదై, తాళపుచెవి పొరుగువాని మొలత్రాట నున్నట్లయినది.

గోష్ఠులవలన నేమి ప్రయోజనమని సంశయించువారికి ఒక నిదర్శనము చూపెదము. 1978 జనవరిలో జపానునందు జరిగిన యొక గోష్ఠికి, ఫుజిత్సు సంస్థలో పనిచేయుచుండిన సగావా మసాతో యను శాస్త్రజ్ఞుడు శ్రోతగా నేగెను. రేర్ ఎర్తు లోహములతో ఇనుము కలిపినను మేలైన అయస్కాంతము కాకుండుటకు, ఇనుప పరమాణువులు మిక్కిలి చేరువగా నుండుటయే కారణమని హమానో యను నుపన్యాసకుడు వివరించెను. చిన్న పరమాణువును నడుమ చొప్పించి యెడము పెంచరాదా యని సగావాకు తోచెను. ఆ యూహను విడువక, 1982లో సుమిటోమో స్పెషల్ మెటల్సు సంస్థకు మారి, నియోడిమియము, ఇనుము, బోరాను కలిపి అపూర్వమగు అయస్కాంతమును సాధించెను. అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థకు చెందిన జాన్ క్రోట్ వేరుమార్గమున అదే పదార్థమును చేరెను. ఇరుపక్షములును 1983 నవంబరులో పిట్సుబర్గు నగరమున జరిగిన సభలోనే తమ ఫలితములను ప్రకటించెను.

ఇందలి సారమును గమనింపవలెను. ఆనాడు ఉపన్యాసకుడు చెప్పినది విజయము గాదు, వైఫల్యకారణము. విన్నవాడు పరిశ్రమకు చెందినవాడు. మన సభలలో ఈ రెండును తరచుగా లోపించుచున్నవి. ఆచార్యుడు ఫలించిన ప్రయోగమునే చదువును. కర్మాగారమువాడు రానే రాడు, వచ్చినను నోరు విప్పడు.

మనకు లేనిదేమి? భీమునిపట్టణపు తీరపుటిసుకలలో మోనజైటు కలదు. అయస్కాంత స్ఫటికముల సౌష్ఠవమును పరిశోధించిన సూరి భగవంతముగారు మన గుడివాడవారే. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల సమేరియము, కోబాల్టు అయస్కాంతములపై చిరకాలము కృషి సలిపినది. విశాఖపట్టణమున 2023లో ఏటికి 3,000 కిలోగ్రాముల యట్టి అయస్కాంతములను చేయగల కర్మాగారము జాతి కంకితమైనది. వేరుజాతివగు నియోడిమియము అయస్కాంతములతోడి రేర్ ఎర్తు పరిశ్రమ నెలకొల్పుటకై, ఏటికి 6,000 టన్నుల లక్ష్యముతో, 7,280 కోట్ల రూపాయల పథకమును 2025 నవంబరులో కేంద్రమంత్రివర్గము ఆమోదించినది.

ధనముతోనే పని తీరదు. ముడిఖనిజమునుండి లోహము తీయుట, మిశ్రమము చేయుట, గాలి సోకకుండ పొడిచేయుట, అయస్కాంతక్షేత్రమున ఒత్తి కాల్చుట - ప్రతిమెట్టునను చేతినేర్పు కావలెను. ఆ నేర్పు గ్రంథములలో దొరకదు. పనిచేసినవాడు పనిచేయువానికి చెప్పినగాని అబ్బదు.

వ్యాపారరహస్యము సభలో నెట్లు వెల్లడింతుమని పారిశ్రామికు లనవచ్చును. పాకము రహస్యమే కావచ్చును. మాడిన సంగతి రహస్యము కానక్కరలేదు. ప్రతి గోష్ఠియందును ఒకపూట కర్మాగారముల చిక్కులకును, ఒకపూట ఫలింపని ప్రయోగములకును కేటాయింపుడు. కొలిమికడ నిలుచు పనివారిని పిలిచి, వారి భాషలోనే మాటాడనిండు. మరుసటి యేటి సభ, గతవర్షపు చిక్కులలో నెన్ని తీరినవో లెక్కచెప్పి యారంభమగుగాక! అట్లు కానినాడు శాలువలు మనకు మిగులును, అయస్కాంతములు పరులనుండి వచ్చుచునే యుండును.