మందు మారే రోజులు

2015 సెప్టెంబరులో తెలంగాణ జిల్లాల ఆసుపత్రులు ఒక వింత దృశ్యాన్ని చూచినవి. కల్తీ కల్లుపై ఆబ్కారీ శాఖ దాడులు ముమ్మరం చేయగా, దుకాణాలలో మత్తుమందు కలిపిన కల్లు దొరకకుండా పోయింది. నిజామాబాదులోను, మన మహబూబ్‌నగరులోను నిత్యము దానిని సేవించే కష్టజీవులు వణకుతూ, నిద్ర లేక, లేనివి కనిపిస్తున్నవని బెదరిపోతూ, కొందరు మూర్ఛలతో దవాఖానాలకు చేరినారు. చూచినవారికి పిచ్చి పట్టినట్లే తోచి ఉంటుంది. ఆ కల్లులో కలిపే డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులకు యేండ్ల తరబడి అలవాటుపడిన మెదడు, అవి ఒక్కసారిగా అందకపోయేసరికి చేసిన తిరుగుబాటు అది.

ఈ మందులనే వైద్యుడు తగిన మోతాదులో, తగిన కారణముతో వ్రాసి ఇచ్చే సందర్భాలున్నవి. అప్పుడు అవి మందులే, మత్తు కాదు. కాని శరీరానికి ఆ తేడా తెలియదు. ఇచ్చినది కల్లు దుకాణదారుడైనా, వైద్యుడైనా, హఠాత్తుగా ఆపితే అది ఒకే తీరున స్పందిస్తుంది. కల్లు విషయములో జిల్లా అంతా కళ్లారా చూచిన ఈ సత్యాన్ని మన ఇండ్లలోని మందుల డబ్బాకు అన్వయించుకొనలేదన్నదే మా ఫిర్యాదు.

మనోవ్యాధికి వాడే మందును మార్చవలసి రావడం అరుదైన సంగతి కాదు. ఒకటి పని చేయదు. ఒకటి పని చేస్తుంది గాని ఒళ్లు విపరీతముగా పెంచుతుంది. ఒలాంజపిన్ వాడేవారిలో ఇది తరచు కనిపిస్తుంది, చక్కెర వ్యాధి భయము కూడ వెంట ఉంటుంది. సోడియం వాల్ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది గనుక, బిడ్డను కోరుకొనే స్త్రీకి ముందుగానే వేరే మందు ఆలోచించాలి. వైద్యుడు చీటీ మార్చుతాడు, రోగి ఇంటికి వస్తాడు. ఆ తరువాతి మూడు నాలుగు వారాల సంగతి ఎవ్వరూ చెప్పరు. వరుసలో వెనుక నూరుమంది నిలబడి ఉండగా చెప్పే తీరిక వైద్యునికి ఉండదనుకొందాము. అడిగే ధైర్యము మనకూ ఉండదు.

ఆ వారాలలో జరిగేదేమి? పాత మందు శరీరాన్ని వీడిపోతూ ఉంటుంది, కొత్తది ఇంకా కుదురుకొనదు. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివి త్వరగా వెళ్లిపోతవి. వాటిని తటాలున మానినవారికి రెండు మూడు రోజులలోనే కళ్లు తిరగడం, వికారము, చిరాకు, పీడకలలు, తలలో కరెంటు తగిలినట్లు జలదరింపు కలుగవచ్చు. ఫ్లుయోక్సెటిన్ వారాల తరబడి శరీరములో నిలిచి ఉంటుంది. దానిని మార్చే లెక్క వేరు. కొత్త మందు మాటకొస్తే, దాని బాధలు మొదటి వారములోనే వస్తవి, మేలు మాత్రము రెండు నుంచి ఆరు వారాలకు గాని కనిపించదు. పాపము రోగికి ముందు శిక్ష, తరువాత బహుమానము! ఈ వరుస ముందుగా తెలిసినవాడు ఓర్చుకొంటాడు. తెలియనివాడు "ఈ మందు నాకు పడలేదు" అని పదవ రోజున పారవేస్తాడు, లేదా డబ్బాలో మిగిలిన పాతదానిని కూడ కలిపి మింగుతాడు. రెండవది మరింత ప్రమాదకరము.

ఇంటివారి పొరపాటు మరొక తీరుది. హాలోపెరిడాల్ వంటి మందు మొదలుపెట్టినప్పుడు కొందరికి కాలు ఒకచోట నిలువదు. కూర్చోలేరు, పడుకోలేరు, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. అది మందు తెచ్చిన బాధ. మోతాదు తగ్గిస్తేనో, విరుగుడు ఇస్తేనో తగ్గుతుంది. కాని ఇంటిలోనివారు రోగము ముదిరిందనుకొని దర్గాకో, భూతవైద్యుని వద్దకో పరుగెత్తుతారు. లతీఫ్ సాహెబు గుట్ట ఎక్కి దువా చేసుకొనే తల్లిని మేము తప్పు పట్టము. గుట్ట దిగిన తరువాత దవాఖానాకు కూడ పోవాలన్నదే మా మనవి.

కొన్ని లక్షణాలకు ఓర్పు పనికిరాదు. తీవ్రమైన జ్వరముతో ఒళ్లు కట్టెవలె బిగుసుకొనిపోవడం, స్పృహ తప్పడం, మూర్ఛ, లామోట్రిజిన్ వాడుతుండగా చర్మముపై దద్దుర్లు, ముఖ్యముగా యువకులలో మొదటి వారాలలో తలెత్తే ఆత్మహత్య ఆలోచన: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాక ఆగరాదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన మరొక విషయమున్నది. ఈ మెట్టభూముల ఎండ అందరూ ఎరిగినదే. లిథియం వాడేవారి ఒంటిలో నీరు, ఉప్పు తగ్గితే రక్తములో ఆ మందు పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తడబడడం అందుకు గుర్తులు. మోకాళ్ల నొప్పికి దుకాణములో అడిగి మింగే ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కూడ దానిని పెంచుతవి. రమజాను వేసవిలో వచ్చినప్పుడు ఈ ప్రశ్న మరింత బరువెక్కుతుంది. కొన్ని మందుల వేళలను ఇఫ్తారుకు, సహరీకి మార్చుకొనవచ్చు, కొన్నింటిని మార్చరాదు. రోగికి రోజా విషయములో షరీఅత్ ఇచ్చిన సడలింపు మనోరోగికీ వర్తిస్తుందని మన ఇండ్లలో చాలమందికి తోచనే తోచదు. మందు మారుతున్న నెలలో రోజా ఉండవచ్చునా అన్నది నెలవంక కనిపించక ముందే వైద్యుని, ఆలిమును అడిగి తేల్చుకొనవలసిన సంగతి.

పాలమూరు నుండి బొంబాయి, పూనాలకు వలసపోయే కూలీల కష్టము ఇంకొకటి. అక్కడి దుకాణములో అదే మందు మరొక కంపెనీ పేరుతో, మరొక రంగులో దొరుకుతుంది. అది వేరే మందనుకొని మానివేసేవారుంటారు, రెండూ వేసుకొనేవారుంటారు. చీటీపై కంపెనీ పేరుతోబాటు మందు అసలు పేరు కూడ వ్రాయించుకొంటే ఈ చిక్కు చాలవరకు తీరుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగికి ఒక హక్కు ఇచ్చింది. తనకు ఇవ్వబోయే చికిత్స ఏమిటి, దాని వలన కలుగుతవని తెలిసిన ఇబ్బందులేమిటి అన్నది తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకొనే హక్కు అది. అర్థమయ్యే భాషలో! మన పట్టణాలలో ఉర్దూ తప్ప మరొకటి చదువలేని ముసలి తల్లులున్నారు, తెలుగు మాత్రమే వచ్చిన రైతులున్నారు. వారి చేతికి అందుతున్నది ఇంగ్లీషు చీటీ. ఒకప్పుడు పిచ్చి అంటే ఎర్రగడ్డ అనుకొనేవారు. నల్లగొండ నుండైనా, మహబూబ్‌నగరు నుండైనా సుమారు 100 కిలోమీటర్లు. నేడు మహబూబ్‌నగరులో 2016 నుండి, నల్లగొండలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నవి. దూరము తగ్గింది, భాష మాత్రము దగ్గర కాలేదు.

మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మందు మార్చినప్పుడు ఒక్క కాగితము, ఒకవైపు తెలుగు, మరొకవైపు ఉర్దూ. పాతది ఏ రోజున ఎంత తగ్గించాలి, కొత్తది ఎంత వేసుకోవాలి, మొదటి పది రోజులలో ఏమి కావచ్చు, దేనికి ఆగవచ్చు, దేనికి పరుగెత్తాలి, మళ్లీ ఎప్పుడు రావాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సంఖ్య 14416 కూడ దాని అడుగున ఉండాలి; ఆ సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. రెండు భాషలూ చదువుకొంటున్న మన కళాశాల విద్యార్థులు ఈ కాగితాన్ని సిద్ధము చేయగలరు. మందుల మాటలలో తప్పు దొర్లకుండ ఒక వైద్యుడు దానిని సరిచూడాలి. రానున్న సెలవులలోనే ఈ పని మొదలుపెట్టవచ్చును.